చిత్రకారుని తొలిమెట్టు

చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో బొమ్మలు వ్రాయు బాలుడు లేని గ్రామ మరుదు. బడిగోడపై బొగ్గుముక్కతో హనుమంతుని, పలకపై బలపముతో రథమును, నోటుపుస్తకము చివరి పుటలో ఉపాధ్యాయుని ముఖమును వ్రాసి తోడివారి మెప్పు బొందిన బాలుని మన మందఱము నెఱుగుదుము. అతని తండ్రి ఆ బొమ్మను జూచి మొదట సంతోషించును. కుమారునికి 16 ఏండ్లు దాటిన వెనుక అదే బొమ్మను జూచి దిగులుపడును. చేతిలో నేర్పు గలదు, సందేహము లేదు. ఆ నేర్పు అన్నము పెట్టునా యనునదే ఆతని చింత. ఈ చింతను మేము తేలికగా ద్రోసివేయజాలము. కళను బ్రేమించువారు తండ్రుల పిసినితనమును నిందించుట వాడుక. కాని కుమారుని ఆకలిని గూర్చి ముందుగా నాలోచించుట తండ్రికి దోషము గాదు.

బొమ్మలు వ్రాసి బ్రదుకదలచినవాడు ఆ వృత్తిలో మొదటి యడుగు ఎట్లు వేయవలెను? మన దేశమున నిందుకు గల త్రోవలు కొన్నియే. కొందఱు డ్రాయింగు పరీక్షలలో నుత్తీర్ణులై పాఠశాలలలో జేరిరి. కొందఱు నాటక సమాజములకు తెరలు వ్రాసిరి. అంగళ్లకు బోర్డులు వ్రాసిరి. 1947 జూలైలో మద్రాసున చందమామ వెలువడిన పిదప కథలకు బొమ్మలు వ్రాయువారికి నెలజీతము దొరకు తావొకటి యేర్పడెను. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు బాల్యముననే చేయి తిరిగినవాడు; అయినను కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే అతని జూచి, ప్రోత్సహించి, బొంబాయి జె. జె. కళాశాలకు బంపకున్నచో, 28 ఏండ్లు నిండకమునుపే 1925లో గతించిన ఆ మహనీయుని చిత్రములు నేడు మనకు మిగిలెడివా యని సంశయింపవలసియున్నది. ఈ యుదాహరణము లన్నిటిలో నొక్క సంగతి స్పష్టము. నేర్పు తనంత పుట్టవచ్చును. మొదటి జీతమును మాత్ర మెవరో యొకరు చూపవలెను.

ఈ సత్యమును తన జీవితమంతయు ఆచరించి చూపిన మహిళ శ్రీమతి కమలాదేవి చట్టోపాధ్యాయ. ఆమె చిత్రకారిణిగా బ్రసిద్ధి జెందినవారు కారు. మంగుళూరులో జన్మించి, మద్రాసులో జదివి, దేశమంతట దిరిగినవారు. అయినను మన శ్రీకాళహస్తిలో కలముతో వస్త్రముపై రామాయణము వ్రాయు విద్య నేడు జీవించియుండుటకు ఆమె ముఖ్య కారణము. ఆ చరిత్రమును మన ప్రాంతపు చదువరులకు జెప్పుట మా విధిగా దలచుచున్నాము.

ముందుగా కాళహస్తి పనిని గూర్చి కొంత చెప్పవలెను. దీనిని లోకము కలంకారీ యనుచున్నది. ఇచ్చటి పనివారు దీనికి వ్రాతపని యను పేరును వాడుదురు. ఆ పేరు మిక్కిలి తగియున్నది. ఒక పెద్ద వస్త్రము. నడుమ శ్రీరామ పట్టాభిషేకము వంటి పెద్ద చిత్రము. చుట్టును వరుసలు వరుసలుగా చిన్నచిన్న గళ్లు. ఒక్కొక్క గడిలో కథలోని యొక్కొక్క ఘట్టము. గళ్లకు జేర్చి తెలుగు లిపిలో ఆ ఘట్టమును దెల్పు వ్రాత. అక్షరములు వచ్చినవాడు చదువుకొనును, రానివాడు చూచుకొనును. పుస్తకములకు బొమ్మలు వేయుట ముద్రాయంత్రముతో వచ్చిన క్రొత్త విద్య యని తలచువారు కాళహస్తి వస్త్రము నొక్కసారి చూడవలెను. కథకు చిత్రము, చిత్రమునకు వ్రాత. పుస్తకమున కేమి గావలెనో అదంతయు నా గుడ్డలో గలదు.

ఈ వస్త్రములను ఆలయములలో దేవతామూర్తుల వెనుకను మండపములలోను వ్రేలాడదీయుదురు, రథములకు గట్టుదురు. వీనిని చేయించినవారెవరు? దేవాలయ ధర్మకర్తలు, సంస్థానాధీశులు, మొక్కుబడి గలిగిన భూస్వాములు. అనగా నేటి మా చదువరులలో ననేకుల తాతముత్తాతలు. కాళహస్తి పనివాడు తన బొమ్మను ఎవరి కమ్మవలెనని బజారులో దిరుగవలసిన యవసరము లేకుండెను. చేయించువాడు ముందు, చేయువాడు వెనుక. కుమారుడు తండ్రి ప్రక్కన గూర్చుండి, మొదట గుడ్డ తడిపి, పిదప రంగు నూఱి, ఆపైన అంచులు నింపి, కొన్నియేండ్లకు ముఖము వ్రాయుటకు యోగ్యుడగుచుండెను. ఆ యేండ్లలో నతని తిండికి లోపము లేదు. వృత్తియే పాఠశాల, ఇల్లే భోజనశాల.

పందొమ్మిదవ శతాబ్దిలో నీ కట్టు సడలినది. సంస్థానముల రాబడి తగ్గెను. సీమ మిల్లుల గుడ్డ వచ్చి పడెను. రవివర్మ 1894లో బొంబాయి చెంత ముద్రణాలయమును స్థాపించిన పిదప దేవతల రంగుబొమ్మలు అల్పమైన వెలకు ఇంటింటికి జేరసాగెను. 1897లో జర్మనీనుండి కృత్రిమమైన నీలిమందు అంగళ్లకు వచ్చెను. ఎఱుపునకు గూడ నంతకుముందే రసాయనము లేర్పడియుండెను. నెలలకొలది కూర్చుండి వ్రాసిన గుడ్డకు వెల గట్టువాడు కఱవయ్యెను. మద్రాసు చిత్రకళాశాలాధ్యక్షుడు డబ్ల్యు. ఎస్. హాడవే 1917లో ఈ రాజధానిలోని వస్త్రచిత్రణమును గూర్చి గ్రంథమును బ్రచురించెను. అది మెచ్చదగిన పనియే. కాని గ్రంథము వెలయుట వేఱు. పనివాని యింట పొయ్యి వెలుగుట వేఱు. తండ్రులు కొడుకులకు నేర్పుట మానిరి. నేర్పుటకు మనసు లేక మానలేదు. నేర్పి వారిని పస్తుంచుటకు మనసొప్పక మానిరి.

ఇట్టి స్థితిలో ఈ విద్య చెంతకు వచ్చిన కమలాదేవిగారి పూర్వజీవిత మెట్టిది? 1903వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన ఆమె మంగుళూరున సారస్వత బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ ఉన్నతోద్యోగి. తల్లి గిరిజాబాయి విద్యావతి, స్వతంత్రురాలు. గోఖలే, అనిబిసెంటు మొదలగు పెద్దలు వచ్చిపోవు గృహ మది. కమలాదేవి కేడేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. ఆయన మరణశాసనము వ్రాసియుండలేదు. నాటి న్యాయము ననుసరించి ఆస్తి యంతయు సవతి కుమారునికి జెందెను. తల్లీకూతుళ్లకు మనోవర్తి మాత్రము చూపబడెను. ఆత్మగౌరవము గల గిరిజాబాయి దానిని నిరాకరించి, తన పుట్టినింటి సొమ్ముతోనే కుమార్తెను బెంచెను.

ఈ సంఘటన కమలాదేవిగారి స్వభావమున బలముగా నాటుకొనియుండునని మేము తలచెదము. నిన్నటివఱకు గల యిల్లు నేడు పరాధీనమగుట యెట్లుండునో ఆమె పుస్తకములలో జదివి తెలిసికొనలేదు. గుణము, విద్య, వంశము అన్నియు నుండియు చేతిలో రాబడి లేనివారికి లోక మెంత చిన్న పీట వేయునో బాల్యముననే చూచిరి. మున్ముందు ఆమె పనివారితో మాటలాడునపుడు సౌందర్యమును గూర్చి యెంత చెప్పిరో కూలిని గూర్చియు నంత చెప్పుటకు మూల మిచ్చట గలదు.

1917లో, 14 ఏండ్ల ప్రాయమున ఆమెకు వివాహము జరిగెను. రెండేండ్లలో వైధవ్యము ప్రాప్తించెను. నాటి ఆచారము లట్టి బాలికకు విధించు చీకటిగదిని ఆమె యొప్పుకొనలేదు. చదువు మానలేదు. మద్రాసు క్వీన్ మేరీ కళాశాలలో జదువుచుండగా సరోజినీదేవి చెల్లెలు సుహాసినితో స్నేహము గలిగెను. ఆ స్నేహము మూలముగా వారి సోదరుడు హరీంద్రనాథ చట్టోపాధ్యాయ పరిచితుడయ్యెను. కవి, నటుడు, గాయకుడైన యీయన 1952లో విజయవాడనుండి లోకసభకు ఎన్నుకోబడినందున ఆంధ్రులకు సుపరిచితుడే. లోకనిందను లెక్కింపక వీరిద్దఱు వివాహము చేసికొనిరి. కలసి నాటకము లాడిరి, దేశమంతట దిరిగిరి. ఆ దాంపత్యము కడవఱకు నిలువలేదు. కాని రంగస్థలపు బ్రదుకు ఆమెకు నొక సంగతి నేర్పెను. తెర వ్రాయువాడు, వేషము కుట్టువాడు, మద్దెల వాయించువాడు లేనిదే నాటకము లేదు; ప్రకటనలలో మాత్రము వారి పేరుండదు.

1926లో స్త్రీలు శాసనసభకు నిలుచుటకు అవకాశ మేర్పడగా, మద్రాసు శాసనసభకు కమలాదేవి పోటీచేసిరి. ఆమెను బ్రోత్సహించినది మార్గరెట్ కజిన్స్. ఈ కజిన్స్ దంపతులు మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలతో సంబంధము గలవారు. 1919లో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చి జనగణమన గీతమును ఆంగ్లీకరించినప్పుడు దాని స్వరము గూర్చుటలో మార్గరెట్ తోడ్పడిరి. మదనపల్లె నాడు చిత్తూరు జిల్లాలోనిదే. ఇట్లు మన జిల్లా గాలి యొకటి కమలాదేవిగారి చరిత్రలో ముందుగనే వీచినది. ఆ ఎన్నికలో ఆమె స్వల్పమైన తేడాతో నోడిపోయిరి. మఱుసటి సంవత్సరము స్థాపితమైన అఖిలభారత మహిళాసభకు కార్యదర్శినియై దేశమెల్ల సంచరించిరి.

1930వ సంవత్సరపు ఉప్పు సత్యాగ్రహము నాటికి ఆమె 27 ఏండ్లది. ఆ యుద్ధములో స్త్రీలకు స్థానముండవలెనని గాంధీమహాత్ముని కడ పట్టుబట్టినవారిలో ఆమె ముఖ్యులు. బొంబాయిలో ఉప్పు వండి, పొట్లములు గట్టి, షేర్ల బజారులోనికిని, ఉన్నత న్యాయస్థానము లోనికిని గొనిపోయి విక్రయించిరి. చెఱసాల కేగిరి. ఈ ఘట్టమును వీరగాథగా మాత్రమే జెప్పుట మన వాడుక. దీనిలో మఱియొక విశేషము గలదు. చేతితో జేసిన యొక చిటికెడు వస్తువును ధనవంతుల బజారు నడుమ నిలిపి, దానికి వెల చెప్పి, కొనువాని గుండెలో స్వదేశాభిమానమును మేల్కొల్పి యమ్మిన చేయి యది. కాళహస్తి గుడ్డను ఢిల్లీ బజారులో నిలుపగల ధైర్యము ఆ చేతికి నాడే యలవడెను.

స్వాతంత్ర్యము విభజనతో గూడి వచ్చెను. వాయవ్య సరిహద్దునుండి వేలకొలది జనులు కట్టుబట్టలతో ఢిల్లీ ప్రాంతమునకు జేరిరి. కమలాదేవిగారు 1948లో భారత సహకార సమితిని స్థాపించి, వారిచేతనే వారి పట్టణమును ఫరీదాబాదున గట్టించుటకు బూనుకొనిరి. పదవులు పంచుకొనువేళ ఆమె పదవిని వెదకికొనలేదు. దిక్కులేనివారి చేతికి పని యిచ్చుటయే రాజకీయముగా దలచిరి. దానము పుచ్చుకొన్న చేయి మఱునాడును చాపబడును; పని నేర్చిన చేయి చాపబడదు అను సూత్రమును ఆమె యచ్చట స్వయముగా బరీక్షించి చూచిరి.

1952లో అఖిలభారత హస్తకళామండలి యేర్పడెను. దాని యధ్యక్షత కమలాదేవిగారికి వచ్చెను. సుమా రిరువది సంవత్సరములు ఆమె యా భారమును వహించిరి. పీఠముపై గూర్చుండి కాగితములపై వ్రాలు చేయుట ఆమె పద్ధతి కాదు. ఊరూర దిరిగి, పనివాని యింట చాపపై గూర్చుండి, అతని పనిముట్టు చేతబట్టి చూచి, ఈ పని తెలిసినవా రెందఱు మిగిలిరి, నీ కొడుకు నేర్చుకొనుచున్నాడా యని యడుగుట ఆమె పద్ధతి. ఈ రెండవ ప్రశ్నకు లేదను సమాధానమే తఱచుగా వచ్చుచుండెను. కాళహస్తిలోను స్థితి యదియే. పని తెలిసిన పెద్దలు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. వారి తరువాత నెవరును లేరు.

1957 ప్రాంతమున శ్రీకాళహస్తిలో హస్తకళామండలి యాధ్వర్యమున కలంకారీ శిక్షణకేంద్రము వెలసెను. ఆ విద్యను నిలిపిన పెద్దలలో జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు ముఖ్యులు. కేంద్రములో జేరిన విద్యార్థులకు ఉపకారవేతన మేర్పఱుపబడెను. మా యీ వ్యాసమునకు జీవమైన సంగతి యిదియే. ఆ వేతనము పెద్దది గాకపోవచ్చును. కాని నెల తిరుగగానే బాలుడు కొంత సొమ్ము తెచ్చి తల్లి చేతిలో బెట్టెను. అంతవఱకు బొమ్మలు కూడు పెట్టునా యని యడిగిన తండ్రి నోరు మూతపడెను. తాతలనాడు భూస్వామి చేసిన పనిని నేడు ప్రజల సొమ్ముతో ప్రభుత్వము చేసెను.

ఆ బాలుడు నేర్చుకొనవలసినది కొంచెము గాదు. చదువరులు విసుగు చెందకుండ గొంత వివరింతుము. గంజి పోవునట్లు ఉదికిన నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానవైచి యెండబెట్టవలెను. ఈ పాలు రంగు చెమరిపోకుండ గాపాడును; కరక్కాయ నలుపును బట్టియుంచును. చింతపుల్లను గాల్చిన బొగ్గుతో మొదట రూపురేఖలు దీయవలెను. వెదురుపుల్లకు గుడ్డపీలిక చుట్టి దారముతో బిగించినదే కలము. తుప్పుపట్టిన యినుమును బెల్లపు నీటిలో దినములకొలది నానబెట్టిన కసిమి యను ద్రావకమును ఆ పీలికలో ముంచి, మెల్లగా నొత్తుచు గీత వ్రాయవలెను. గుడ్డపై బడగానే యది కరక్కాయతో గలిసి నల్లనగును. తప్పుగీత చెఱుపుటకు వీలు లేదు. కాగితముపై రబ్బరుతో తుడుచుకొను బాలునికి ఇచ్చట మొదటి భయము, మొదటి క్రమశిక్షణము.

పిదప ఎఱుపు గావలసిన తావులయందు పటికనీరు పూయవలెను. పటిక కంటి కగపడదు. ఉడికించినప్పుడు మాత్రమే రంగు తేలును. కాబట్టి చిత్రకారుడు కానరాని రంగును మనసులో జూచుచు వ్రాయవలెను. గుడ్డను పాఱునీటిలో నుదుకవలెను. స్వర్ణముఖి యేటి నీరు ఈ కారణముననే కాళహస్తి పనికి ప్రాణము. నిలువనీట నుదికినచో విడిన పటిక ప్రక్కకు బ్రాకి బొమ్మ మఱకపడును. మంజిష్ఠ మొదలగు వేళ్లతో గుడ్డ నుడికించిన పిదప ఎఱుపు వెలువడును. ఆమీద పసుపు, నీలి మొదలగునవి. రాముడు, కృష్ణుడు నీలవర్ణులు, స్త్రీమూర్తులకు పసుపు, రాక్షసులకు ఎఱుపు. ఏ పాత్ర కే కిరీటమో, ఏ చేతి కే ముద్రయో, కథలో నేది ముందో యేది వెనుకో తెలియవలెను. రంగు, నీరు, ఎండ, పురాణము ఈ నాలుగును వశమగునప్పటికి ఏండ్లు గడచును. ఆ యేండ్లలో కూడు పెట్టువాడు లేనిచో ఎంత నేర్పరియైనను మధ్యదారిలో కూలికి బోవలసినదే.

వేతనముతో బని తీరదని కమలాదేవిగారు బాగుగ నెఱిగిరి. నేర్చినవాడు వ్రాసిన బొమ్మను గొనువా డుండవలెను. ఆలయములు, సంస్థానములు పూర్వమువలె కొనుటలేదు. కావున ఢిల్లీలోని కుటీరపరిశ్రమల విక్రయశాలను ఆమె సహకార సమితి నడుపుచుండగా దేశపు నలుమూలల చేతిపనులకు అచ్చట బజా రేర్పడెను. గుడిగోడకు వ్రేలాడిన కథ యింటిగోడకు వచ్చెను. 1964లో ప్రపంచ హస్తకళాసమితి స్థాపనలో బాల్గొని, మన పనివాని పేరును పరదేశములకు వినిపించిరి. 1965 మొదలు నిపుణులైన పనివారికి జాతీయ పురస్కారములు వచ్చుటకును ఆమె కృషియే మూలము. ప్రకటనలలో పేరులేని వారికి వేదికపై పేరు బెట్టి పిలుచు దినము వచ్చెను. లక్ష్మయ్యగారి కుమారుడు గుఱ్ఱప్పశెట్టిగారు తండ్రి విద్యను బెంచి, పెక్కుమందికి నేర్పి, 2008లో పద్మశ్రీ బిరుదము బొందిరి. ఒక తరమున ఆరిపోవలసిన దీపము మఱుతరమున నిట్లు వెలిగినది.

కమలాదేవిగారికి 1955లో పద్మభూషణము, 1966లో మెగసెసే పురస్కారము, 1987లో పద్మవిభూషణము లభించెను. 1988 అక్టోబరు 29వ తేదీన, 85 ఏండ్ల ప్రాయమున ఆమె దివంగతులైరి. బిరుదములకంటె కాళహస్తి వీధులలో నేడు కలముపట్టి కూర్చున్న స్త్రీపురుషులే ఆమెకు తగిన స్మారకమని మా యభిప్రాయము. పూర్వ మీ పని పురుషుల చేతిలోనే యుండెడిది. నేడు స్త్రీ లనేకులు దీనిలో జీవనము గడపుచున్నారు. బాల్యమున తల్లి ఆస్తిహీనురాలగుట చూచిన యామె యాత్మ కిది సంతోషకరము గాకపోదు.

అయినను స్తోత్రముతో నీ వ్యాసమును ముగించుట ధర్మము గాదు. ఆమె యేర్పఱచిన పద్ధతిలో లోపములు లేకపోలేదు. పనివాడు భూస్వామిని విడిచి ప్రభుత్వము నాశ్రయించెను. ప్రభుత్వము గావలి మందగించినపుడు మరల దళారి చేతిలో బడెను. బజారు కోరినది చీర, దుప్పటము, చేతిసంచి. పెద్ద కథను నూఱు గళ్లలో వ్రాయుటకంటె చీర కొంగున రెండు నెమళ్లు వ్రాయుట త్వరగా డబ్బు తెచ్చును. అట్లు వ్రాయువానిని మేము నిందింపము. అతనికిని పిల్లలు గలరు. కాని పురాణమును ఘట్టములుగా విభజించి, దేనిని వ్రాయవలెనో దేనిని విడువవలెనో నిర్ణయించు విద్య యొకటి గలదు. దానిని వాడుకొనని తరము మఱచిపోవును. ఇక యంత్రముపై అచ్చొత్తిన గుడ్డను కలంకారీ యని విక్రయించు అంగళ్లు మన తిరుపతి వీధులలోనే కొల్లలు. కాళహస్తి పనికి భౌగోళిక గుర్తింపు చట్టమువలన రక్షణ లభించినను, కొనువాని కన్ను తెఱవనిదే చట్ట మేమి చేయగలదు? చేతివ్రాతకును అచ్చునకును భేదము గుర్తించుట కష్టము గాదు. చేతితో వ్రాసిన రెండు నెమళ్లు ఎన్నడును సరిగ నొకేతీరుగ నుండవు. అచ్చులో నొక నెమలికి గల వంకర అన్నిటికిని నుండును.

2022 ఏప్రిల్‌లో తిరుపతి వేఱుజిల్లాయై, కాళహస్తి దానిలో జేరినది. జిల్లా పేరు మాఱినను ప్రశ్న మాఱలేదు. మా చదువరులలో భూవసతి గలవారు, వర్తకులు, న్యాయవాదులు, ఉద్యోగులు గలరు. గృహప్రవేశమునకు, వివాహమునకు, గ్రామదేవాలయ జీర్ణోద్ధరణమునకు వారు వ్యయపఱచు ధనము స్వల్పము గాదు. ఆ వ్యయములో నొక పాలు పెట్టి కాళహస్తి పనివాని చేత ఒక పూర్తి కథను వ్రాయింపుడని కోరుచున్నాము. బేరమాడుటకు ముందు ఇది యెన్ని దినముల పని యని యడుగుడు. వ్రాసినవాని పేరు వస్త్రముపై వ్రాయింపుడు. మీ తాతలు చేయించిన వస్త్రములపై దేవతల పేర్లు గలవు, కథల పేర్లు గలవు. వ్రాసినవాని పేరు చాలవానిపై లేదు. ఆ కొఱత తీర్చుటకు రూపాయ యైనను అదనముగా గాదు.

ఇక మొదట జెప్పిన బాలుని తండ్రికి మా మాట. కుమారుని నేర్పును జూచి యుప్పొంగనక్కఱలేదు. చేతనున్న బొగ్గును లాగికొననక్కఱయు లేదు. అతనికి గురువెవరు, నేర్చుకొను ఏండ్లలో అన్నమెట్లు, నేర్చిన పిదప మొదటి బొమ్మను గొనువాడెవడు అని ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుడు. రెండింటికి దొరికి మూడవదానికి దొరకకున్నచో ఆ లోపము మీ కుమారునిది గాదు, ఊరిది. కమలాదేవిగారు ఊరి లోపమును తన లోపముగా దలచి, మన కాళహస్తికి గురువును నిలిపి, అన్నము జూపి, కొనువానిని దెచ్చిరి. ఎక్కడి మంగుళూరు, ఎక్కడి స్వర్ణముఖి! అంత దూరమునుండి వచ్చినయామె చేసిన పనిలో నూఱవ పాలైనను ఏటియొడ్డుననే యున్న మనము చేయజాలమా? ఈ సంవత్సరము మన యూళ్లలో జరుగు శుభకార్యములలో నొక్కదానికైనను కాళహస్తి గుడ్డ వ్రాయించిరని వినగలిగినచో మేము కృతార్థులమగుదుము.